లైను పోయినా లెక్క పోరాదు

ఈనాడు అనేక సంఘాలలో పాల తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. యంత్రమే నమోదు చేసి, ఆ లెక్కను యూనియన్ కంప్యూటరుకు పంపుతున్నది. సభ్యుని ఖాతాలో బిల్లు సొమ్ము పడటానికి ఈ లెక్కే ఆధారం. పంపే సమయంలో కరెంటో, లైనో పోతే ఏమవుతుందని సభ్యులు అడగడం న్యాయమే. దీనిని గురించి కొన్ని విషయాలు మనవి చేస్తున్నాము.

మొదట, ఆటంకాలు రెండు రకాలు. లైను లేకపోవడం, అవతలి కంప్యూటరు రద్దీలో ఉండటం తాత్కాలికం. కొంతసేపు ఆగి మళ్లీ పంపితే సరిపోతుంది. ఖాతా నంబరు తప్పు పడటం, ఖాతా మూసివేయడం వంటివి మనిషి సరిదిద్దవలసినవి. వాటిని నూరుసార్లు పంపినా ఫలం లేదు. కారణం చూడకుండా మళ్లీ మళ్లీ పంపడం ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్లే.

రెండవది, ఎంతసేపు ఆగాలి? బల్క్ కూలరును చూడండి. కరెంటు రాగానే కంప్రెసరును తిప్పరాదు. లోపలి గ్యాసు పీడనం సమం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తొందరపడితే మోటారు దెబ్బతింటుంది. అందుకే ఆలస్యంగా కలిపే రిలే అమరుస్తారు. లెక్క పంపే యంత్రానికీ ఇదే నీతి. మొదట 1 నిమిషం, తర్వాత 2, 4, 8, 16 నిమిషాలు ఆగుతూ ప్రయత్నించాలి. అంటే 31 నిమిషాలలో 5 మారు ప్రయత్నాలు. చిన్న ఆటంకమైతే త్వరగా తీరుతుంది, పెద్దదైతే అవతలివారికి ఊపిరి తీసుకొనే వ్యవధి దొరుకుతుంది.

మూడవది, అందరూ ఒకేసారి పంపరాదు. కరెంటు రాగానే చుట్టుపక్కల సంఘాలన్నీ ఒకే క్షణంలో పంపితే, కుడితి తొట్టి వద్ద పశువులన్నీ తోసుకొన్నట్లవుతుంది. కాబట్టి ఒక్కొక్క యంత్రం ఆగే సమయానికి కొన్ని సెకన్లు అటూ ఇటూ కలుపుతారు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన ఆలోహా రేడియో వ్యవస్థలోనే ఈ సూత్రం ఉంది. సందేశాలు ఢీకొంటే ప్రతి కేంద్రమూ తనకు తోచినంత సేపు ఆగి మళ్లీ పంపేది. తర్వాత వచ్చిన ఈథర్‌నెట్ ఆగే వ్యవధిని పెంచుకుంటూ పోయి, 16 ప్రయత్నాల తర్వాత విరమించేది. మన యంత్రానికీ అటువంటి హద్దు ఉండాలి. హద్దు దాటిన లెక్కలను పారవేయక, విడిగా జాబితా వేసి కార్యదర్శికి చూపాలి.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం. ఒక్కొక్కసారి లెక్క చేరుతుంది, చేరినదన్న జవాబు మాత్రం దారిలో పోతుంది. యంత్రం మళ్లీ పంపుతుంది. ఒక సభ్యుని 6 లీటర్లు, లీటరు 42 రూపాయల చొప్పున 252 రూపాయలు అనుకొందాం. జాగ్రత్త లేకుంటే అది 504 అవుతుంది. ఆ భారం సంఘం మీద పడుతుంది, పట్టుబడితే సభ్యునికి మాట వస్తుంది. అందువలన తేదీ, పూట, సభ్యుని నంబరు కలిపిన ఒకే చీటీ నంబరు ప్రతి లెక్కకూ ఉండాలి. మళ్లీ పంపినా ఆ నంబరు మారరాదు. అదే నంబరు రెండవసారి వస్తే యూనియన్ కంప్యూటరు తిరిగి జమ చేయక, ముందే అందినదని జవాబివ్వాలి. బ్యాంకు చెల్లింపు "పెండింగ్" అని చూపినపుడు కూడా ముందు దాని స్థితి తెలుసుకొని, తర్వాతే మళ్లీ పంపాలి.

లెక్క ఆగగలదు గాని పాలు ఆగవు. లైను లేదని సేకరణ ఆపరాదు. తూకం వేసి, చీటీ ఇచ్చి, పాలను 4 డిగ్రీలకు చల్లబరచవలెను. లెక్క యంత్రంలో భద్రంగా ఉండి తర్వాత వెళుతుంది.

సభ్యులు పూటపూట చీటీ అడిగి తీసుకొని, బిల్లు వచ్చిననాడు సరిచూసుకొనవలెను. పాలకవర్గం ప్రతి బిల్లుకు ముందు, పంపకుండా మిగిలిన లెక్కల జాబితా చూపమని కార్యదర్శిని కోరవలెను. జాబితా ఖాళీ అయిన తర్వాతే బిల్లుపై సంతకం చేయవలెను.