ఖాకీ ఉద్యోగంతో పాటు నేరన్యాయ చదువు: ఒక చిరంజీవికి సలహా

ఉద్యోగం మానకుండా నేరన్యాయం చదవాలనుకునే కానిస్టేబుల్ ముందు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి మూడేళ్ల ఎల్ఎల్‌బీ, రెండోది దూరవిద్యలో పీజీ డిప్లొమా. సిలబస్ చూస్తే రెండూ అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి గానీ, అవి చేర్చే చోట్లు వేరు. ఏ చోటికి చేరాలన్నది తేల్చుకోకుండా ఫీజు కట్టినవారు రెండో ఏడాది మధ్యలో ఆగిపోతుంటారు.

ఎల్ఎల్‌బీ దూరవిద్యలో లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమాల ప్రకారం అది రెగ్యులర్‌గా చదవాల్సిన కోర్సు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో లాసెట్ రాసి సీటు తెచ్చుకోవాలి. ఇంటర్ చదవకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవారికి ఈ కోర్సులో ప్రవేశం లేదు. ఇంటర్ పాసై, ఆ తర్వాత అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేసినవారికి ఆ చిక్కు రాదు. స్టేషన్ డ్యూటీ చేసే మనిషికి అసలు ఇబ్బంది హాజరు దగ్గరే. పొద్దున కోర్టు డ్యూటీ, రాత్రి పెట్రోలింగ్, మధ్యలో అకస్మాత్తుగా బందోబస్తు ఉన్న వారంలో కాలేజీలో 70 శాతం కూర్చోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి ఊరూరా వినిపించే ఉపాయం ఒకటుంది. హాజరు అడగని కాలేజీలో పేరు రాయించుకుని పరీక్షలకు మాత్రం వెళ్లడం. తెలిసినవాళ్లు నలుగురు అలాగే పాసయ్యారని కూడా చెబుతారు. పోలీసు ఉద్యోగికి ఇది ముమ్మాటికీ పనికిరాదు. ఒకే రోజున కాలేజీ రిజిస్టర్‌లో హాజరు, స్టేషన్ జనరల్ డైరీలో డ్యూటీ నమోదై ఉంటే, ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టడానికి ఒక్క ఆకాశరామన్న ఉత్తరం చాలు. చదువుకోసం డిపార్ట్‌మెంటు రాతపూర్వక అనుమతి తీసుకుని, సెలవు పెట్టి, నిజంగా తరగతిలో కూర్చోగలిగితేనే ఎల్ఎల్‌బీ జోలికి వెళ్లాలి.

పట్టా వచ్చాక ఏమిటన్నది ఇంకో సంగతి. జీతం తీసుకునే పూర్తికాల ఉద్యోగి వకీలుగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ నియమం చెబుతుంది. అంటే ఖాకీ విప్పేదాకా నల్లకోటు లేదు. సివిల్ జడ్జి కావాలన్న కల ఉంటే, అందుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తేల్చింది. ముప్ఫై ఏళ్ల కానిస్టేబుల్ ఈ లెక్క ముందే వేసుకోవాలి: మూడేళ్ల చదువు, ఆపై రాజీనామా, ఆపై ఆదాయం అంతంతమాత్రంగా ఉండే మూడేళ్ల ప్రాక్టీసు. ఇల్లు, పిల్లలు ఉన్నవారికి ఇది చిన్న నిర్ణయం కాదు. రిటైరయ్యాక ప్రాక్టీసు పెట్టుకుందామనుకునే హెడ్ కానిస్టేబుల్‌కు మాత్రం తొందరేమీ లేదు. నిదానంగా చదివినా నష్టం రాదు.

డిప్లొమా దారి సులువు, దాని ఫలితమూ అంతే పరిమితం. ఇగ్నోలో క్రిమినల్ జస్టిస్ పీజీ డిప్లొమా ఉంది. హైదరాబాద్ శామీర్‌పేటలోని నల్సార్ దూరవిద్యలో నేరన్యాయాన్ని, ఫోరెన్సిక్ సైన్స్‌ను కలిపి చెప్పే పీజీ డిప్లొమా నడిపింది. ఇలాంటి వాటికి ఏదైనా డిగ్రీ చాలు, రోజూ హాజరు అక్కర్లేదు. అయితే దీంతో వకీలు కాలేరు, ప్రమోషనూ దానంతటది రాదు. ఎస్ఐ నోటిఫికేషన్‌కు కావలసింది ఏదో ఒక డిగ్రీ మాత్రమే. మరి ఎందుకు చదవాలంటే, కేసు డైరీ (సీడీ) ఫైల్ రాసేటప్పుడు చేయి తడబడకుండా ఉండటానికి. అమెరికాలో ఈ కోర్సులు పెరిగిందే డ్యూటీలో ఉన్న పోలీసుల కోసం. న్యూయార్క్‌లోని జాన్ జే కాలేజీ 1964లో పోలీసుల చదువుకోసమే ఏర్పడింది. 1968 చట్టం కింద అక్కడి ప్రభుత్వం ఉద్యోగంలో ఉన్న పోలీసులకు చదువు ఖర్చు ఇచ్చింది. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి ఖర్చూ, ఓపికా చదివేవారివే.

2024 జూలై 1 నుంచి ఈ చదువు బరువు రెట్టింపైంది. ఐపీసీ స్థానంలో 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో 531 సెక్షన్ల భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 170 సెక్షన్ల భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. హత్యకు 302 పోయి 103 వచ్చింది, జనం నోట నానిన 420 కాస్తా 318 అయింది. పాతవి మరిచిపోవచ్చా అంటే వీల్లేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది, అలాంటి కేసులు కోర్టుల్లో ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి. అందుకని 2024కు ముందు అచ్చయిన గైడ్లను నమ్ముకోకూడదు, పారేయనూ కూడదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో తెచ్చిన సంకలన్ యాప్‌లో పాత సెక్షన్‌కు ఎదురుగా కొత్తది కనిపిస్తుంది. డ్యూటీ మధ్య దొరికే పది నిమిషాలకు అంతకంటే మంచి పుస్తకం లేదు.

ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఉన్న మేలు ఏమిటో కొత్త సాక్ష్య చట్టం దగ్గర బాగా తెలుస్తుంది. ఒక కిరాణా కొట్టులో దొంగతనం జరిగిందనుకుందాం. సీసీ కెమెరా ఫుటేజీని యజమాని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తాడు. రైటర్ దాన్ని కవర్లో పెట్టి, పంచనామాలో ఒక వాక్యం రాసి ముగిస్తే, ఏడాది తర్వాత కోర్టులో డిఫెన్స్ వకీలు అడిగేది 63వ సెక్షన్ సర్టిఫికెట్. చట్టం చివరున్న షెడ్యూల్‌లో దానికి రెండు భాగాలున్నాయి. మొదటిది ఆ రికార్డును అందించే మనిషి నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు మారలేదని చూపించే హ్యాష్ విలువ రెండింటిలోనూ రాయాలి. కెమెరా ఎవరి అధీనంలో ఉంది, ఆ రోజు సరిగా పనిచేస్తోందా, ఏ పరికరంలోంచి కాపీ చేశారు అన్నవన్నీ అందులోకి వస్తాయి. కాలేజీ కుర్రవాడు ఈ సెక్షన్‌ను బట్టీ పడతాడు. పెన్‌డ్రైవ్‌కు సీలు వేసిన కానిస్టేబుల్‌కు ఒక్కసారి చదివితే చాలు, జన్మలో మరిచిపోడు.

అదే అనుభవం కీడూ చేస్తుంది. స్టేషన్లో జరిగేదే చట్టమనుకుని పరీక్షలో రాసేవారు తక్కువేమీ కాదు. ఫిర్యాదు తీసుకుని "విచారించి చూద్దాం" అనడం అలవాటైపోయింది గనుక జవాబులోనూ అదే వస్తుంది. కాగ్నిజబుల్ నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఒక చిన్న సందు ఇచ్చింది: మూడేళ్లు మొదలుకొని ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించవచ్చు. ఆ అనుమతి, ఆ గడువు రాయని జవాబుకు మార్కులు రావు. అరెస్టు సంగతీ అంతే. 2014 నాటి ఆర్నేష్ కుమార్ తీర్పును, అదే సంహితలోని 35వ సెక్షన్‌ను పక్కపక్కన పెట్టుకుని చదివితే నోటీసు ఎప్పుడివ్వాలో, అరెస్టుకు ఏ కారణాలు రాయాలో తెలుస్తుంది. రిమాండ్ రిపోర్టు రాసే చేతికి ఇది పరీక్షకన్నా ఎక్కువ ఉపయోగం.

తెలుగు మీడియంలో చదివినవారిని ఇంగ్లీషు పాఠాలు భయపెడతాయి. వారికి చేతిలో ఉన్న మార్గం తీర్పులే. ఒక తీర్పులో ముందు కేసు కథ ఉంటుంది, ఆ భాష స్టేషన్లో రోజూ వినే సంగతులదే. కథ అర్థమయ్యాక సెక్షన్ దగ్గర ఆగి, దాన్ని చట్టంలో మాట మాట చదివి, సొంత తెలుగులో రాసుకోవాలి. సుప్రీంకోర్టు తీర్పుల్లో కొన్నిటికి తెలుగు అనువాదాలూ దొరుకుతున్నాయి. అవి అర్థం చేసుకోవడానికే, పరీక్షలో మాటలు మూలంలోవే రాయాలి.

చేరే ముందు కాగితాలు చూసుకోవాలి. దూరవిద్య కోర్సయితే ఆ విశ్వవిద్యాలయం, ఆ కోర్సు రెండూ యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు జాబితాలో, ఆ విద్యా సంవత్సరానికి ఉన్నాయో లేదో వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి, ఏజెంట్ మాట వినకూడదు. అనుమతి కాపీని, తర్వాత మార్కుల మెమోలను సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కించుకోవాలి.

ఇక క్యాలెండర్. ఇగ్నో ప్రవేశాలు జనవరి, జూలై సెషన్లకు జరుగుతాయి. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. అసైన్‌మెంట్లు గడువులోగా ఇవ్వాలి. బోనాలు, వినాయక నిమజ్జనం, దసరా వరసగా వచ్చే నెలల్లో పుస్తకం పట్టుకోవాలనుకోవడం అత్యాశ. మేడారం జాతర వచ్చే ఏడాది మాఘమాసాన్ని కూడా లెక్కలోంచి తీసేయాలి. అందుకే జూలై సెషన్‌లో చేరి, జూన్ పరీక్షకు సిద్ధమవడం మేలు. పుస్తకాలు చేతికొచ్చి అట్టలు వేసుకునేసరికి నిమజ్జనం డ్యూటీ అయిపోయి ఉంటుంది.