చెడిన ఫైళ్లను సరిచేయు విధము

ఇంటి కంప్యూటరు చెడినచో దానిని అంగడికి మోసికొనిపోవుటయే మనలో పెక్కురెరిగిన ఉపాయము. అచట “అంతయు తుడిచివేసి మరల ఎక్కింపవలెను” అను మాట తరచుగా వినబడును. అంతవరకు పోనక్కరలేకుండ ఇంటనే సరిచేసికొనదగిన లోపములు కొన్ని కలవు. వానిని గూర్చి ఈ పాఠమున తెలిపెదము.

కంప్యూటరును నడపు మూలవ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. మన యిండ్లలో సాధారణముగా నుండునది మైక్రోసాఫ్టు సంస్థవారి విండోస్. అది వేలకొలది ఫైళ్ల కూర్పు. ఫైలు వ్రాయబడుచుండగా కరెంటు పోయినను, డిస్కులో కొంతభాగము పాడైనను, మెమరీలో దోషమున్నను, వైరసు ప్రవేశించినను ఆ ఫైళ్లలో కొన్ని చెడును. అప్పుడు ప్రోగ్రాములు తెరచుకొనవు. యంత్రము నడుమ నడుమ నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు తెరయంతయు నీలముగనో నల్లగనో మారి దోషసూచన కనబడును.

దీనిని సరిచేయు పద్ధతి తెలుగు చదువరులకు క్రొత్తది కాదు. తాళపత్రములను చూచి ప్రతులు వ్రాయునప్పుడు లేఖకుల తప్పులు చేరుచుండెడివి. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను ఒకే గ్రంథమునకు పలు ప్రతులు సేకరించి, పండితులచే పోల్పించి, పాఠమును పరిష్కరింపజేసెను. విండోస్ చేయునదియు పోల్చుటయే. అది తన ఫైళ్లకు మంచి ప్రతులను వేరొక భాండారమున భద్రపరచుకొనును. ప్రతి ఫైలుకును ముద్రవంటి సంఖ్య యొకటి లెక్కగట్టబడి యుండును. ఫైలులో ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య కుదరదు. కుదరని ఫైలును తొలగించి మంచి ప్రతిని ఆ స్థానమున నిలుపుటయే మరమ్మతు. ఈ పని చేయు సాధనము సిస్టమ్ ఫైల్ చెకర్. ఇది 1998లో వెలువడిన విండోస్ 98 నందే కలదు.

విండోస్ 10, 11లలో చేయవలసిన పని వరుసగా ఇది:

మొదట మీ సొంత వ్రాతలు, ఫొటోలు, ధ్వనిముద్రణలు పెన్‌డ్రైవులోనికో వేరొక డిస్కులోనికో ఎక్కించుకొనవలెను.

రెండవది, వెదకు పెట్టెలో కమాండ్ ప్రాంప్ట్ అని టైపుచేసి, కనబడిన పేరుపై మౌసు కుడిమీట నొక్కి, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అనుదానిని ఎన్నుకొనవలెను.

మూడవది, మంచి ప్రతుల భాండారమునే ముందుగా సరిచేయవలెను. మాతృక తప్పైనచో దానిని చూచి దిద్దినదియు తప్పే యగును గదా! ఇంటర్నెట్టు తగిలించి, ఆంగ్లాక్షరములలో ‘డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్’ అని టైపుచేసి ఎంటరు నొక్కవలెను. ప్రతి వాలుగీతకు ముందు ఖాళీ విడువవలెను. అంకె చాలసేపు కదలకున్నను నడుమ ఆపరాదు.

నాలుగవది, అది ముగిసిన పిదప ‘ఎస్‌ఎఫ్‌సి /స్కాన్‌నౌ’ అని అట్లే టైపుచేయవలెను. పని నూరు శాతము ముగిసిన తరువాత మూడు ఫలితములలో ఒకటి తెలియును: దోషములు లేవనుట, ఉన్నవానిని సరిచేసితిననుట, కొన్నిటిని సరిచేయలేకపోతిననుట. మూడవది వచ్చినచో యంత్రమును ఆపి మరల నడిపి, ఈ రెండు ఆజ్ఞలను మరియొకమారు ఇచ్చి చూడవలెను. సరిచేసిన కొలది దినములకే మరల చెడుచున్నచో దోషము డిస్కులోనో మెమరీలోనో యుండవచ్చును; అప్పుడు తెలిసినవారికి చూపింపవలెను. ఒక్క ఫైలు లేదని సూచన వచ్చినంతనే ఊరు పేరు తెలియని చోటినుండి దానిని దింపుకొనరాదు. దానితో వైరసు రావచ్చును.

సొంత వస్తువుల పనిని మొదట చెప్పుటకు కారణము కలదు. ఈ సాధనములు విండోస్ ఫైళ్లను మాత్రమే దిద్దును. వానికి మాతృక మైక్రోసాఫ్టువారి యొద్ద కలదు గనుక ఎన్నిమారులు చెడినను మరల తెచ్చుకొనవచ్చును. మీ అవ్వ పాడిన రోకటిపాటకు మాతృక ఎచట కలదు? తరతరములుగా పరభాషా ప్రాంతమున నిలిచిన మన పలుకుబడి అచ్చు పుస్తకములలో మిక్కిలి కొలదిగా ఎక్కినది. ఒక పెద్దవారి గొంతు మీ కంప్యూటరులో మాత్రమే యున్నచో, ఆ ఫైలు చెడిననాడు పోల్చిచూచుటకు మరియొక ప్రతి లోకమున లేదు. కావున అట్టి ముద్రణలకు యంత్రము వెలుపల రెండు ప్రతులైన నుంచుడు. వానిలో ఒకటి బంధువుల యింట నుండుట మేలు. తలిదండ్రులు అంగడివారికి “తుడువుడు” అని చెప్పుటకు ముందు, ఆ ప్రతులు తెరచుకొనుచున్నవో లేదో పిల్లలచేత చూపించుకొందురు గాక.