పాత్రయు, నీటి స్వచ్ఛతయు

విద్యార్థులారా, గత సంవత్సరము మన ప్రయోగశాలలో జరిగిన యొక చిన్న సంగతిని మీకు చెప్పదలచితిమి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు పెద్ద సీసాలోని స్వేదనజలమును పరీక్షనాళికలో పోసి, అందు సిల్వర్ నైట్రేటు ద్రవమును రెండు చుక్కలు వేయగా, నీరు పాలు కలిసినట్లు మసకబారెను. ఉప్పు మొదలగు క్లోరైడులున్న నీరు అట్లు మసకబారును. స్వేదనజలము తేటగా నుండవలెను. నాళికను సరిగా కడుగలేదని తలచి, మేమా ఫలితమును ఎర్రసిరాతో కొట్టివేసితిమి. బాలుడు వినయముతో, "అయ్యా, బట్టీనుండి యిప్పుడే దిగిన నీటిని ఇట్లే కడిగిన నాళికలో పోసి చూడనిండు" అని వేడెను. ఆ నీరు తేటగానే నిలిచెను. విచారింపగా, పెద్ద సీసాను బావినీటితో తొలిచి, అడుగున కొంత నీరు మిగిలియుండగనే స్వేదనజలముతో నింపిరని తెలిసెను. తప్పు బాలునిది కాదు, సీసాది.

ఇట్టి పొరపాటు పూర్వము పండితులకును కలిగినది. ఎంత స్వచ్ఛమైన నీటినైనను గాజుపాత్రలో చిరకాలము కాచినచో మట్టివంటి పదార్థము మిగులుచుండెను. దానిని చూచి, నీరే మన్నుగా మారుచున్నదని పలువురు నమ్మిరి. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లవోయిజియే 1768 అక్టోబరు మొదలు 101 దినములు, ఆవిరి వెలికి పోక చల్లబడి మరల లోనికే జారునట్టి మూసిన గాజుపాత్రయందు నీటిని కాచెను. తుదకు తూచి చూడగా, పాత్రయు నీరును కలిసిన మొత్తపు బరువు మారలేదు. వట్టి పాత్ర మాత్రము సుమారు 17 గ్రెయినులు, అనగా ఒక గ్రామునకు కొంచెము తక్కువగా, తగ్గియుండెను. ఆ మట్టి గాజునుండి వచ్చినదే కాని నీటినుండి పుట్టినది కాదని అతడు నిర్ణయించెను. నీటిపై మోపబడిన నింద ఒక త్రాసుతో తొలగెను.

దీనికి కారణమేమి? నీరు అనేక పదార్థములను కరగించుకొను గుణము కలది. సామాన్యపు గాజునుండి సోడియమును, సిలికాను మెల్లగా గ్రహించును. సీసపు గొట్టములలో నిలిచిన నీరు, ముఖ్యముగా లవణములు తక్కువై కొంచెము ఆమ్లగుణము గల నీరు, సీసమును గ్రహించును. అది శిశువులకు మిక్కిలి హానికరము. మనము కొనితెచ్చు పెట్ ప్లాస్టిక్ సీసాలనుండి ఆంటిమొని యను అర్ధలోహము అత్యల్పముగా నీటిలో చేరును; వేడిమి హెచ్చిన కొలది అదియు హెచ్చును. పాత్రకు మూత లేకున్నను చిక్కే. గాలిలోని కార్బన్ డయాక్సైడు కరగుటచే స్వచ్ఛజలముయొక్క పి.హెచ్. విలువ 7 నుండి సుమారు 5.6 వరకు దిగును.

తలిదండ్రులకును ఒక మనవి. నీటిసీసాలను ఎండలో విడువవలదు. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో మజ్జిగను, నిమ్మరసమును నిలువ యుంచవలదు; పులుపు లోహమును త్వరగా కరగించును. త్రాగునీరు స్వేదనజలమంత స్వచ్ఛముగా నుండనక్కరలేదు గాని, పాత్ర హానికరమైనది కాకుండవలెను.

ఇప్పుడు మన ప్రయోగశాలలో సీసాను నింపుటకు ముందు అదే స్వేదనజలముతో మూడు మారులు తొలిచి, వెంటనే మూత బిగించుచున్నారు. ఆ బాలుని పుస్తకములో మేము కొట్టివేసిన ఫలితమును తిరిగి మా చేతితోనే వ్రాసి, మార్కు నిచ్చితిమి. ఫలితము వింతగా దోచినప్పుడు, చూచినవానిని తప్పుపట్టుటకు ముందు పాత్రను పరీక్షింపవలెనని ఆనాడు మేమును నేర్చుకొంటిమి.