హక్కుల రంగంలో గడువున్న కొలువులు

దేశంలో మానవ హక్కుల వ్యవస్థకు పెద్ద దిక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్. దాని చైర్‌పర్సన్ పదవీకాలం మూడేళ్లు. 2019లో చట్టాన్ని సవరించక ముందు ఐదేళ్లు ఉండేది. అక్కడి నుంచి జిల్లాకు దిగొస్తే, బాలల సంక్షేమ సమితి సభ్యులకు మూడేళ్లు. జువెనైల్ జస్టిస్ బోర్డులో కూర్చునే సామాజిక కార్యకర్తలకూ మూడేళ్లే. లాయరును పెట్టుకునే తాహతు లేని నిందితుల తరఫున వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్‌కు తొలి కాంట్రాక్టు రెండేళ్లు. ఈ రంగంలో పైనుంచి కిందిదాకా గడువు లేని కుర్చీ బాగా అరుదు.

కృష్ణా జిల్లా గన్నవరంలోనో హనుమాన్ జంక్షన్‌లోనో డిగ్రీ పూర్తయిన అమ్మాయి "కాంట్రాక్టు పోస్టు పడింది, అప్లై చేస్తాను" అంటే ఇంట్లో మొదట వచ్చే మాట, "పర్మినెంట్ చేస్తారా?" అనే. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కౌలు చేసి, అప్పు తెచ్చి చదివించిన తల్లిదండ్రులకు అలా అడిగే హక్కుంది. నిజాయతీగా చెప్పాల్సిన జవాబు మాత్రం ఇది: చేస్తారన్న ఆశతో ఈ పోస్టుల్లోకి వెళ్లకూడదు. ఆ రెండు మూడేళ్లలో చేతికి అబ్బే పనితనం కోసం వెళ్లాలి. ఆ పనితనం తరగతి గదిలో దొరకదు, కోచింగ్ సెంటర్లో అంతకన్నా దొరకదు.

నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. 1981లో మొదలైన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా పిల్లలను పని నుంచి బడికి మళ్లించే ఉద్యమాన్ని నడిపారు. 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో బాలల హక్కుల పరిరక్షణకు జాతీయ కమిషన్ పెట్టినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆవిడే. రెండు విడతలు, 2013 దాకా, పనిచేశారు. గడువు ముగిశాక కుర్చీ ఖాళీ చేశారు, పిల్లల పని మాత్రం ఆపలేదు. హక్కుల రంగంలో కెరీర్ అంటే ఎక్కువగా ఇలాగే సాగుతుంది. ఒక పదవి ముగుస్తుంది, దాంట్లో నేర్చుకున్నది తర్వాతి పనికి పెట్టుబడి అవుతుంది.

గన్నవరం కుర్రాడికి అన్నిటికన్నా దగ్గరి తలుపు పారా లీగల్ వాలంటీర్. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చినా అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. ఆ చట్టం కింద ఏర్పడిన జాతీయ సంస్థ నల్సా, 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకాన్ని తెచ్చింది. దీనికి లా డిగ్రీ అక్కర్లేదు. రిటైరైన టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థులు, లా చదువుతున్నవాళ్లు, ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎంపికైతే శిక్షణ ఇచ్చి లీగల్ ఎయిడ్ క్లినిక్కుకో, పోలీసు స్టేషనుకో, జైలుకో పంపుతారు. పనిచేసిన రోజుకు గౌరవ వేతనం ఉంటుంది, నెల జీతం ఉండదు. అందుకని దీన్ని బతుకుతెరువుగా లెక్కేసుకోకూడదు, చదువుతో పాటు సాగే పనిగా చూసుకోవాలి.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పడానికి 2024 సెప్టెంబరు చాలు. బెజవాడలో బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గన్నవరం మండలం కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ ఉంది. మనుషులను బయటికి తేవడానికి అలాంటి దళాలున్నాయి. నీళ్లు తీశాక వచ్చే కష్టం వేరు. పట్టా తడిసి ముద్దయింది, ఆధార్ కొట్టుకుపోయింది, నష్టం లెక్కల్లో పేరు రాలేదు, అద్దెకున్నవాళ్లను ఇంటి యజమాని కిందే రాసేశారు. ఇలాంటివాళ్లకు అర్జీ ఎవరు రాస్తారు? వరద బాధితులకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందని న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షను పేరు పెట్టి మరీ చెబుతోంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేదు. ఈ సంగతి తెలిసి, పక్కన కూర్చుని, తేదీతో సహా తప్పుల్లేకుండా అర్జీ రాసిపెట్టే మనిషి ఒక్కరుంటే ఆ కుటుంబం కథ మారుతుంది.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్న దగ్గర చాలామంది తికమక పడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక బెజవాడ ఎన్టీఆర్ జిల్లాకు పోయింది, గన్నవరం కృష్ణా జిల్లాలోనే మిగిలింది. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న బెజవాడ కలెక్టరేట్ వేరే జిల్లాది, గన్నవరం వాళ్ల కలెక్టరేట్ మచిలీపట్నంలో. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం కూడా మచిలీపట్నం జిల్లా కోర్టు ప్రాంగణంలోనే. రెండు జిల్లాల వెబ్‌సైట్లలో నోటిఫికేషన్ల పేజీని వారానికోసారి చూడటం అలవాటు చేసుకోవాలి. ఇలాంటి పోస్టులకు గడువు తక్కువ ఇస్తారు, పత్రికలో ఏ మూలో చిన్న ప్రకటనగా వచ్చి పోతాయి.

లా పూర్తిచేసినవాళ్లకు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ ఇప్పుడు మంచి అవకాశం. 2022లో నల్సా దీన్ని దేశమంతటా మొదలుపెట్టింది. చీఫ్ పోస్టుకు కనీసం పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. అసిస్టెంటుకు సున్నా నుంచి మూడేళ్లు. అంటే నల్లకోటు కొత్తగా వేసుకున్నవాళ్లకూ చోటుంది. ప్రైవేటు కేసులు తీసుకోకూడదు, పూర్తి సమయం ఇక్కడే. రిమాండు దగ్గర్నుంచి అప్పీలు దాకా పేద నిందితుల కేసులు వరుసగా చేతికొస్తాయి. సీనియర్ ఆఫీసులో ఫైళ్లు మోస్తూ వాయిదాలు అడిగే జూనియర్‌కు, రెండేళ్లపాటు స్వయంగా బెయిలు వాదించినవాళ్లకు తేడా కోర్టు హాల్లో ఇట్టే తెలిసిపోతుంది.

పిల్లల రంగంలో పోస్టుల సంఖ్య ఎక్కువ. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కౌన్సిలర్, సోషల్ వర్కర్, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్, ఔట్‌రీచ్ వర్కర్ లాంటి పోస్టులను కాంట్రాక్టు మీద నింపుతారు. బెజవాడ వంటి ఊరికి ఈ పని కొత్త కాదు. నాలుగు దిక్కుల నుంచి రైళ్లు కలిసే ఆ జంక్షన్లో, ఇల్లు విడిచి వచ్చిన పిల్లల కోసం సలేషియన్ ఫాదర్లు 1989లోనే నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టారు. ఇప్పుడు చట్టం స్పష్టంగా ఉంది. ప్లాట్‌ఫారం మీద దొరికిన బిడ్డను, ప్రయాణ సమయం తీసేసి, 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. తర్వాత సామాజిక విచారణ నివేదికను 15 రోజుల్లో పూర్తిచేయాలి. ఆ నివేదిక ఎక్కువగా రాసేది సోషల్ వర్కరే. బిడ్డ ఇంటికి వెళ్లడం క్షేమమా, కాదా అన్నది చాలావరకు ఆ నాలుగు పేజీల మీద ఆధారపడుతుంది. "తండ్రి తాగుతాడు" అని రాసి వదిలేస్తే చాలదు. ఇంట్లో ఇంకెవరున్నారు, బిడ్డ ఎవరి పేరు చెబితే బిగుసుకుపోతోంది, బడి ఎప్పుడు మానింది, ఎందుకు మానింది, ఇవన్నీ తెలియాలి.

మహిళల కోసం 2015లో వచ్చిన సఖి వన్‌స్టాప్ సెంటర్లలోనూ కేస్ వర్కర్, కౌన్సిలర్, పారా లీగల్ పోస్టులు కాంట్రాక్టువే. రాత్రి డ్యూటీలుంటాయి. ఈ మాట ముందే ఇంట్లో చెప్పి ఒప్పించుకోవాలి.

తెలుగునాట ఈ కోవలో గొప్పగా చెప్పుకోవాల్సింది సామాజిక తనిఖీ. ఉపాధి హామీ చట్టం 2006లో అమలు మొదలైనప్పుడు, పనులను గ్రామసభే తనిఖీ చేయాలని 17వ సెక్షను చెప్పింది. మిగతా రాష్ట్రాలు తటపటాయిస్తుంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని పద్ధతిగా నడిపింది, 2009లో అందుకోసమే ప్రత్యేక సొసైటీ పెట్టింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన బహిరంగ విచారణల స్ఫూర్తి దీని వెనక ఉంది. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతను గ్రామ సామాజిక తనిఖీదారులుగా ఎంచుకున్నారు. సొంత ఊరికి కాక వేరే ఊరికి పంపడం పద్ధతి. వాళ్లు మండల ఆఫీసు నుంచి మస్టర్లు తీసుకుని ఇంటింటికీ వెళ్లి, "ఈ వారం పనికెళ్లావా అక్కా, ఎన్ని రోజులు, ఎంత అందింది?" అని అడిగేవారు. తవ్విన గుంటను టేపు పెట్టి కొలిచేవారు. చివర మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారుల ఎదుట, మైకు ముందు, పేర్లతో సహా లెక్క చదివేవారు. చచ్చిపోయినవాళ్ల పేరిట కూలి పడ్డ మస్టర్లు అలాగే బయటికొచ్చాయి. పది, ఇంటరు చదివిన పిల్లలు ఇంజినీరు కొలతల పుస్తకాన్ని ప్రశ్నించడం మన పల్లెల్లో అంతకుముందు ఎవరైనా చూశారా?

ప్రశ్న అడగడం ఈ రంగంలో అసలు విద్య. ఇటుక బట్టీ ఉదాహరణ తీసుకుందాం. ఒడిశాలోని బొలంగీర్, నువాపడ వైపు నుంచి కుటుంబాలు తెలుగు జిల్లాల బట్టీలకు వలస వస్తాయి. వెట్టి అనుమానంతో రెవెన్యూ బృందం వెళ్లినప్పుడు, వెంట వెళ్లిన కార్యకర్త "మిమ్మల్ని కట్టేశారా?" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. అడగాల్సినవి వేరు. ఊళ్లో ఎవరు అడ్వాన్సు ఇచ్చారు, ఎంత? వెయ్యి ఇటుకలకు ఎంత అన్నారు, లెక్క ఎవరి దగ్గర రాసి ఉంది? మొన్న సంతకు ఎవరెవరు వెళ్లారు, ఇంటిదగ్గర ఎవరు ఆగిపోయారు? మధ్యలో ఊరికి పోతామంటే ఏమన్నారు? ఆడవాళ్లను విడిగా, మేస్త్రీ వినబడనంత దూరంలో కూర్చోబెట్టి అడగాలి. అడ్వాన్సు ఉండి, కదిలే స్వేచ్ఛ లేకపోతే 1976 నాటి చట్టం ప్రకారం అది వెట్టిచాకిరే. తాళ్లు, సంకెళ్లు అక్కర్లేదు. ఆ వాంగ్మూలాలు బలంగా ఉంటేనే విముక్తి పత్రం వస్తుంది, ఆ పత్రం ఉంటేనే పునరావాస సాయం దక్కుతుంది. ఇక్కడ తెలుగు ఒక్కటే చాలదు. హిందీ మాట్లాడగలిగినవాళ్లు, నాలుగు ఒడియా ముక్కలు వచ్చినవాళ్లు బృందంలో ఎంతో అవసరం. కృష్ణా డెల్టా విద్యార్థులు హిందీని పాస్ మార్కుల సబ్జెక్టుగా చూడటం మానుకోవాలి.

చదువుతుండగానే రుచి చూడాలనుకుంటే జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసవిలో, చలికాలంలో ఢిల్లీలో ఇంటర్న్‌షిప్‌లు నడుపుతుంది. ఆన్‌లైన్‌లో రెండు వారాల ఇంటర్న్‌షిప్ కూడా ఉంది. ఇంట్లోంచి కదలలేని అమ్మాయిలకు అది ఉపయోగం. ఇగ్నోలో మానవ హక్కుల సర్టిఫికెట్ కోర్సు ఆరు నెలలు, దాని ప్రాంతీయ కేంద్రం బెజవాడలోనే ఉంది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమంలో 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు యూత్ విభాగం ఉంది, జీవన భత్యం ఇస్తారు. ఆ కార్యక్రమానికి దరఖాస్తు పెట్టడానికి పైసా కట్టనక్కర్లేదు, కట్టమన్నవాళ్లు మోసగాళ్లు.

మోసం మాట వచ్చింది కనుక ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మానవ హక్కుల పేరు, మూడు సింహాలను పోలిన ముద్ర పెట్టుకుని, డబ్బు తీసుకుని "జిల్లా అధ్యక్షుడు", "మండల కార్యదర్శి" అని గుర్తింపు కార్డులు అమ్మే ప్రైవేటు సంస్థలు చాలా ఉన్నాయి. కారు అద్దం మీద స్టిక్కరు, మెడలో ట్యాగు. వీటికి చట్టబద్ధమైన అధికారం ఏమీ లేదు. జాతీయ కమిషన్ ఏ మండలంలోనూ అధ్యక్షులను నియమించదు. ఆ కార్డు రెజ్యూమెలో పెడితే, ఈ రంగం తెలిసినవాళ్లు ఆ కాగితం అక్కడే పక్కన పెడతారు.

జీతాల సంగతీ దాచకూడదు. కేంద్ర పథకాల కింద పోస్టులకు నిధుల విడుదల ఆలస్యమైతే వేతనం రెండు మూడు నెలలు ఆగుతుంది. చేరేముందు ఆ నెలల ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోవాలి. నియామక పత్రంలో పీఎఫ్ ఉందా, సెలవులెన్ని, ప్రసూతి సెలవు ఇస్తారా, నోటీసు గడువెంత అని చదివి సంతకం పెట్టాలి. ఇతరుల హక్కుల కోసం పనిచేసేవాళ్లు తమ హక్కు అడగడానికి మొహమాటపడటం ఈ రంగంలో తరచూ కనిపించే జబ్బు.

ముందు దారి ఏమిటన్నది లా వాళ్లకు స్పష్టమైంది. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు చెప్పింది. లా క్లర్కుగా చేసిన కాలాన్నీ లెక్కిస్తారు. ఎలాగూ ఆగాల్సిన మూడేళ్లను హైకోర్టులో లా క్లర్కుగానో, డిఫెన్స్ కౌన్సిల్‌గానో గడపడం తెలివైన పని. సోషల్ వర్క్ వాళ్లకు స్వచ్ఛంద సంస్థలు, యునిసెఫ్ ప్రాజెక్టులు, ఏపీపీఎస్సీ నింపే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీవో) పోస్టులు ఉన్నాయి. 35 ఏళ్లు నిండి, పిల్లల రంగంలో ఏడేళ్లు పనిచేసినవాళ్లు బాలల సంక్షేమ సమితి సభ్యత్వానికే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఎక్కడ చేసినా, దిగిపోయే రోజున తీసుకునే అనుభవ ధ్రువపత్రంలో "సంతృప్తికరంగా పనిచేశారు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోవద్దు. ఎన్ని విచారణ నివేదికలు రాశారు, ఏ ఏ చట్టాల కింద, ఏ హోదాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది అధికారి సంతకంతో రాయించుకోవాలి. పిల్లల పేర్లు, బాధితుల వివరాలు మాత్రం ఒక్కటీ ఇంటికి తెచ్చుకోకూడదు, ఫోన్‌లో ఫొటో కూడా ఉండకూడదు. బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను కింద శిక్షార్హమైన నేరం.