ఫోను చూసి ఫిట్స్ అన్నారు, నమ్మొచ్చా?

(న్యూరాలజిస్టు జవాబులు)

ప్రశ్న: డాక్టరు గారూ, మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతున్నాడు. రెండు నెలల్లో రెండుసార్లు పడిపోయాడు. పీహెచ్‌సీలో డాక్టరు సెల్‌ఫోన్ తీసి, అందులో చూస్తూ పది పన్నెండు ప్రశ్నలు అడిగారు. చివరికి ‘85 శాతం ఫిట్సే’ అన్నారు. స్కానింగ్ కూడా తీయలేదు. ఈ మాట నమ్మొచ్చా? – ఒక తల్లి, పాడేరు

జవాబు: డాక్టరన్నాక నాడి పట్టాలి, గుండెకి గొట్టం పెట్టాలి, ఫోను చూడటమేమిటి అనిపించడం సహజమేనమ్మా. కానీ ఆయన చేసిన పనే నేనూ నా గదిలో చేస్తాను. కాకపోతే నా ప్రశ్నలు నాకు నోటికొచ్చు. ఫిట్స్ అవునో కాదో ఎక్కువగా తేలేది చూసినవాళ్ల మాటల్లోనే. స్కానింగ్ కారణం వెతకడానికి పనికొస్తుంది. మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు.

ఇలా ప్రశ్నలడిగి ఫిట్స్ అవకాశం లెక్కకట్టే ఫోను యాప్ ఒకటి బెల్‌ఫాస్ట్‌కు చెందిన న్యూరాలజిస్టు విక్టర్ ప్యాటర్సన్ చేయించారు. నేపాల్ రోగుల వివరాలే దానికి పునాది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని డాక్టర్ మమతా భూషణ్ సింగ్ తదితరులతో కలిసి భారత్, నేపాల్ రోగుల మీద పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. పేద దేశాల్లో మూర్ఛ (ఫిట్స్) రోగుల్లో నాలుగింట మూడొంతుల మందికి వైద్యమే అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. న్యూరాలజిస్టు లేని ఊళ్ల కోసమే ఇదంతా.

లోపల జరిగేది తూకం లాంటిది. నాలుక పక్కన కరుచుకున్నాడా? ఒంట్లో తెలివి లేకుండా మూత్రం పోయిందా? లేచాక చాలాసేపు అయోమయంగా ఉన్నాడా? ఒక్కో జవాబుకీ తక్కెడ అటో ఇటో ఒరుగుతుంది. ఎండలో నిలబడి, చెమటలు పట్టి, కళ్లు చీకట్లు కమ్మి పడిపోయి, నిమిషంలో తేరుకుంటే అది మామూలు స్పృహ తప్పడం కావచ్చు. 85 అంటే, ఇలాంటి జవాబులే ఇచ్చిన నూరుమందిలో సుమారు 85 మందికి ఫిట్స్ ఉంటాయని. మిగతా పదిహేనుమందిలో మీవాడు ఉండొచ్చు. సగానికి అటూ ఇటూగా వస్తే ఆ అంకెతో ఏదీ తేలదు.

నాకున్న సందేహం ఒకటే. పడిపోయినప్పుడు మీరు చూశారా? మీరు వంటింట్లో ఉండి, చూసింది చెల్లెలైతే, ఆ పిల్లనే డాక్టరు ముందు కూర్చోబెట్టాలి. ఊహించి చెప్పిన జవాబులకు యాప్ ఊహనే లెక్కకట్టి ఇస్తుంది.

మళ్లీ వస్తే తాళాలగుత్తి, ఉల్లిపాయ వెతక్కండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఇంకొకరు ఉంటే వీడియో తీయమనండి, ముఖంతో పాటు కాళ్లూ చేతులూ కనిపించేలా. కళ్లు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా అన్నది కూడా మాకు పెద్ద ఆధారం. అయిదు నిమిషాలు దాటితే వీడియో పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. మందులు మొదలుపెట్టి ఉంటే సొంతంగా ఆపొద్దు. వీలు చూసుకుని ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. చేతిలో ఫోను పెట్టి ఒక యాప్‌తో కొలిస్తే సెకనుకు అయిదుసార్లు వణుకుతోందని చూపించింది. పార్కిన్సన్సేనా? – ఒక కొడుకు, వరంగల్

జవాబు: ఫోనులో కదలికను పట్టే చిన్న పరికరం ఉంటుంది, లెక్క సరిగ్గానే చెబుతుంది. పార్కిన్సన్స్ వణుకు సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఉండే మాట నిజమే. కానీ వంశంలో వచ్చే మామూలు వణుకు కూడా ఆ వేగంతో ఉండొచ్చు. పైగా మీరు ఫోను పట్టించి కొలిచారు. పార్కిన్సన్స్ వణుకు చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆలస్యమవుతోందా? నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగడం లేదా? ఇవి చూడండి.

ఇంకోమాట. ఆయన వేసుకునే మాత్రలన్నీ సంచీలో వేసి తెండి. కళ్లు తిరుగుతున్నాయని ఎప్పుడో రాసిన సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి ఏళ్ల తరబడి మింగుతూ, అచ్చం పార్కిన్సన్స్‌లా బిగుసుకుపోయి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం. యాప్ ఆ సంచీ తెరిచి చూడదు.

ప్రశ్న: ఏరియా ఆసుపత్రిలో పనిచేసే కుర్ర డాక్టరును. పక్షవాతం స్కోరు కోసం ఫోను తీస్తే సీనియర్లు నవ్వుతున్నారు.

జవాబు: నవ్వనీ. పక్షవాతం తీవ్రతను కొలిచే ఎన్‌ఐహెచ్ స్కేలులో 11 అంశాలు, సున్నా నుంచి 42 దాకా మార్కులు. అర్ధరాత్రి డ్యూటీలో అవన్నీ గుర్తుంచుకోవడం కన్నా చూసి వేయడమే నయం. రోగి బంధువులకు మాత్రం ఎందుకు చూస్తున్నారో ఒక్క ముక్క చెప్పండి, లేకపోతే వాట్సాప్ చూస్తున్నారనుకుంటారు. మాట తీరు పరీక్షించేటప్పుడు తెరమీది ఇంగ్లిషు వాక్యాలు చదవమనకండి. అరకు నుంచి వచ్చిన పెద్దాయన తడబడితే అది జబ్బో, భాషో ఎలా తెలుస్తుంది?

యాప్ తెరిచే ముందే బంధువులను ఒకటి అడగండి: మనిషి చివరిసారి బాగున్నట్టు ఎవరు, ఎన్నింటికి చూశారు? రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు అప్పటి నుంచే. పొద్దున్నే లేచేసరికి చెయ్యి పడిపోయి ఉందంటే, మామూలుగా రాత్రి పడుకున్న వేళ నుంచే లెక్క.