పీర్ల చావిడికి పోయే ముందు

ప్రొద్దుటూరు

మాధవీ,

నువ్వు పంపిన పరిశోధన ప్రణాళిక నిదానంగా చదివినాను. కర్నూలు, కడప పల్లెల్లో మొహర్రానికి ఎత్తే పీర్లను ఫొటోలు తీసి, పంజా ఆకారం ఎక్కడుంది, అర్ధచంద్రం ఎక్కడుంది, ఏది ఇత్తడిది, ఏది వెండిది అని పట్టిక వేస్తానన్నావు. ఈ విషయం ఎంచుకున్నందుకు నాకు చాలా సంతోషం. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్ళో కూడా పీర్ల చావిడి ఉండే సీమ మనది. హుస్సేనప్ప, పీరయ్య, కుళ్ళాయప్ప అనే పేర్లు మనకు అన్ని కులాల్లోనూ వినబడతాయి. ఈ పని మనవాళ్ళే చేయాలి. అయితే పట్టికతో మొదలుపెట్టొద్దు.

ఆకారాన్ని బట్టి వస్తువులను వరసపెట్టడం ఆంత్రోపాలజీ తొలినాటి పద్ధతి. 1884లో పెట్టిన ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియంలో ఇప్పటికీ వస్తువులు రకం వారీగానే ఉంటాయి. ఏ జాతి చేసినవైనా ముసుగులన్నీ ఒకచోట, వాయిద్యాలన్నీ ఒకచోట. అమెరికా మ్యూజియాల్లోనూ ఇదే పద్ధతి నడుస్తుంటే 1887లో ఫ్రాంజ్ బోయాస్ అనే ఆంత్రోపాలజిస్టు అడ్డం తిరిగినాడు. చూపుకు ఒకేలా ఉన్నంత మాత్రాన రెండు వస్తువులు ఒకే కారణంతో పుట్టినట్టా అని ఆయన వాదన. దానికి గిలక్కాయను ఉదాహరణగా తీసుకున్నాడు. అది ఒకచోట దేవతలను పిలవడానికో దయ్యాలను తరమడానికో పుట్టి ఉండొచ్చు, ఇంకోచోట పిల్లల సంబరం కోసం పుట్టి ఉండొచ్చు. పట్టికలో మాత్రం రెండూ ఒకే గడిలో కూర్చుంటాయి.

ఇప్పుడు నీ పీరు దగ్గరికి వద్దాం. నువ్వు ఫొటో తీద్దామనుకుంటున్న ఆ బోసి ఇత్తడి పంజాను ఊరిజనం ఎప్పుడు చూస్తారు? ఏడాది పొడుగునా అది పెట్టెలో ఉంటుంది. మొహర్రం నెలవంక కనబడినాక చావిడి చూసుకునే ముజావర్ దాన్ని బయటికి తీసి, కడిగి, కర్రకు బిగించి దట్టీ గుడ్డ కడతాడు. అప్పటినుంచి మొక్కున్న వాళ్ళు తెచ్చే దట్టీలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటాయి. వాటి మీద పూలదండలు, నిమ్మకాయలు. పీర్లను ఊరేగించే పెద్ద సరిగెత్తు రాత్రి చూడు, గుడ్డల మధ్య నుంచి లోహం కొస మాత్రం మెరుస్తుంటుంది. ఎత్తుకున్న మనిషి మెడనరాలు ఉబ్బి కనిపిస్తాయి. ఊదు పొగ, గుండంలో నిప్పు సెగ, చుట్టూ తప్పెటల మోత. ఇన్నిటి మధ్య ఉన్నప్పుడే అది ఊరికి స్వామి. ఇవన్నీ తీసేసి తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి తీసిన ఫొటోలో ఉన్నది ఆ ఊళ్ళో ఎవరూ మొక్కని వస్తువు.

ఆల్‌ఫ్రెడ్ జెల్ అని ఇంగ్లండు ఆంత్రోపాలజిస్టు ఒకరు మనకు మరీ దూరం కాని బస్తర్‌లో, మురియా గోండుల మధ్య పనిచేసినాడు. ఆయన 1997లో పోయినాడు. మరుసటేడు ‘ఆర్ట్ అండ్ ఏజెన్సీ’ పుస్తకం వచ్చింది. ఒక బొమ్మ దేనికి గుర్తు అని వెతకడం కంటే, అది మనుషుల మధ్య ఏం చేస్తోంది, ఎవరిచేత ఏం చేయిస్తోంది అని చూడమని ఆయన అంటాడు. దాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మనకు మాత్రం ఆ చూపు పనికొస్తుంది. మన పల్లెలో పీరెత్తుకున్న మనిషి ఒక వాకిలి ముందు ఆగితే, ‘నేను యాడ నిలబడినా? స్వామి నిలబెట్నాడు’ అంటాడు. ఆ ఇంటామె బిందెతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తుంది. ఊళ్ళో అన్ని వాకిళ్ళుండగా పీరు అక్కడే ఎందుకు ఆగింది? ఆ ఇంటికీ చావిడికీ పాత మొక్కు ఏమైనా ఉందా, పాత తగాదా ఉందా? నీ నోటుబుక్కులో మొదటి పేజీ అక్కడ మొదలు కావాలి.

‘దీని అర్థం ఏంది?’ అని మాత్రం అడగొద్దు అమ్మీ. అడిగితే కర్బలా యుద్ధం కథ చెప్తారు. ఆ కథ చెప్పేటప్పుడు వాళ్ళ కళ్ళలో నీళ్ళు నిజమైనవి, గౌరవంగా విను. కానీ కథ పుస్తకాల్లోనూ దొరుకుతుంది. ‘ఈ ఏడు అలంకారం ఎట్లుంది? పోయినేటి కంటే మేలేనా?’ అని అడిగి చూడు. ‘యాడ మేలు, దట్టీ బిగువే లేదు, ముఖమంతా మూసి పెట్నారు’ అని ఏ అవ్వో అందుకుంటుంది. అదీ కళావిమర్శే. బిగువు అంటే ఎంత, ముఖం ఎంతమేరకు కనబడాలి, ఎవరు కడితే బాగుంటుంది, ఎవరు కట్టకూడదు అని ఆమెనే అడుగుతూ పోతే అలంకారానికి ఆ ఊరు పెట్టుకున్న కొలతలన్నీ బయటపడతాయి.

తప్పెటలు కాచే మంట దగ్గర కూడా కూర్చో. చర్మం ఎంత కాగితే గొంతు ఎట్లా మారుతుందో కొట్టేవాళ్ళు వేలితో తట్టి చెప్తారు. పీరు లేచేటప్పుడు ఏ దరువు, నడిచేటప్పుడు ఏది, జలధికి, అంటే చివర నీళ్ళ దగ్గరికి, పోయేటప్పుడు ఏది అని అడుగు. ముజావర్‌తోనే మాట్లాడి, తప్పెట పట్టిన మాదిగ పెద్దను వదిలేస్తే సగం పండగ నీకు దొరకదు.

శబ్దం గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. బళ్ళారి పక్కన కప్‌గల్ కొండ మీద కొత్తరాతియుగం నాటి ఎద్దుల బొమ్మలున్నాయి. కొన్ని బండల మీద కొట్టి కొట్టి పడిన గుంటలున్నాయి. అక్కడ రాయితో కొడితే బండ గంటలాగా మోగుతుంది. నికోల్ బోయివిన్ అనే పురావస్తు పరిశోధకురాలు 2004లో దీని గురించి రాసింది. బొమ్మ కోసమే పోయినవాడికి ఆ గుంటలు కంటికి ఆనవు. బొమ్మ కనబడినా అడగడానికి మనుషులు లేని చోటూ ఉంది. బేతంచెర్ల దగ్గర బిల్లస్వర్గం గుహల్లో ఒకదానిలో ఒకటి ఇమిడిన వజ్రాకారపు చెక్కడం ఉంది, అది వేల ఏళ్ళ నాటిదని 2013లో తేల్చినారు. దాన్ని చూస్తే మనకు వాకిట్లో ముగ్గు గుర్తొస్తుంది. ముగ్గే అనడానికి చెక్కినవాళ్ళు లేరు, అడగలేం. నీకు అడగడానికి మనుషులున్నారు. ఆ అదృష్టాన్ని కెమెరా వెనక దాక్కుని పోగొట్టుకోవద్దు.

వేరే దేశాల సంగతులు చదువు, కానీ తొందరపడి జత కలపొద్దు. ఆస్ట్రేలియా ఉత్తరాన యోలంగు జనం మొదట మసకగా బొమ్మ వేసి, సన్నటి అడ్డగీతలతో దాన్ని మెరిపిస్తారని, ఆ మెరుపును పూర్వీకుల శక్తిగా ఎంచుతారని హోవర్డ్ మార్ఫీ అనే ఆంత్రోపాలజిస్టు రాసినాడు. మన పీరును కూడా మెరిసేదాకా తోముతారు. రెండూ ఒకటే అని రాయాలని చెయ్యి గుంజుతుంది. తోమే మనిషి పక్కన కూర్చుని, మెరవకపోతే ఏమవుతుందని అడిగినాక రాయి. ఇంకోమాట, ఆ యోలంగు వాళ్ళ బొమ్మల్లో కొన్ని అందరూ చూడకూడనివి. ఇక్కడ కూడా పెట్టె తెరవమని అడగొద్దు. ఆడపిల్లవు ఎంతదాకా రావచ్చో, ఎక్కడ ఫొటో తీయొచ్చో చావిడి పెద్దలనే అడుగు, వాళ్ళు గీసిన గీత దాటొద్దు.

పోయేలోపల రెండు పుస్తకాలు తప్పకుండా చదువు. రెండూ 2013లో వచ్చినవే. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయస్వామి మీద అఫ్సర్ మహమ్మద్ రాసిన ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ ఒకటి. తిరుపతి గంగమ్మ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ రాసింది రెండోది. ఆ జాతర చివర మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలిపి, కాసేపటికే తీసేస్తారు. ఆ మట్టి కోసం జనం ఎగబడి ఇళ్ళకు తీసుకుపోతారు. ఏ మ్యూజియమూ దాచలేని కళ అది. దాన్ని ఎట్లా రాయాలో ఫ్లూకిగర్ దగ్గర నేర్చుకోవచ్చు.

మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. తేదీ చూసుకుని, నెలవంకకు ముందే ఊరు చేరు. జలధి అయిపోగానే బస్సెక్కొద్దు. దట్టీలు విప్పేటప్పుడు ఏది ఎవరిదో, ఏ మొక్కుకు కట్టిందో చెప్పగలిగిన వాళ్ళు చావిడిలోనే ఉంటారు, వాళ్ళ పక్కన కూర్చుని రాసుకో. పట్టిక ఆ తర్వాత వేద్దువు గానీ, గడులకు ఏ పేర్లు పెట్టాలో అప్పటికి ఆ ఊరివాళ్ళే నీకు చెప్పి ఉంటారు.

అమ్మను అడిగినానని చెప్పు. నోట్సు రాసినంతవరకు నాకు పంపుతూ ఉండు.

ఇట్లు,
మీ మామ