చెడ్డ కబురు మీ దాకా ఎప్పుడొస్తుంది?

2000 మార్చి 17 రాత్రి అమెరికాలోని ఆల్బుకర్క్‌లో పిడుగు పడి కరెంటు దెబ్బతింది. అక్కడి ఫిలిప్స్ చిప్‌ల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. పది నిమిషాల్లో ఆరిపోయాయి కూడా. కాలింది తక్కువే గానీ, దుమ్ము రేణువు సైతం పనికిరాని గదుల్లోకి పొగ చేరింది. ఆ చిప్‌ల కోసం కాచుకున్న పెద్ద ఖాతాదారులు ఫోన్ల కంపెనీలైన నోకియా, ఎరిక్‌సన్. ఓ వారం ఆలస్యమవుతుందని ఫిలిప్స్ ఇద్దరికీ ఒకే మాట చెప్పింది.

నోకియాలో ఫోన్ అందుకున్న కొనుగోళ్ల అధికారి పెద్దగా కంగారుపడలేదు. అయినా విషయం పైవాళ్ల చెవిన వేశాడు. నాకు ముచ్చటేసేది ఆ 'అయినా'యే. అక్కణ్నుంచి రోజూ ఫోన్ చేసి ఆరా తీశారు. వారం కాస్తా నెలలయ్యేలా ఉందని తేలగానే వేరే చోట్ల చిప్‌లు వెతుక్కున్నారు. ఎరిక్‌సన్‌లో కబురు కింది బల్లల దగ్గరే ఆగిపోయింది. పైకి చేరేసరికి వారాలు గడిచాయి, కొన్ని చిప్‌లకు ఫిలిప్స్ తప్ప వేరే దిక్కు లేదు. నష్టం దాదాపు 40 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపేసింది. దానికి ఇదొక్కటే కారణం కాదనుకోండి.

పెద్ద సంస్థల జబ్బు ఇదే. 'సార్‌కి ఇప్పుడే ఎందుకు, కాస్త తేలనీ' అంటూ మెట్టు మెట్టుకూ కబురు పలచబడుతుంది. మీరు మేనేజరైతే, చెప్పడానికి వచ్చినవాణ్ణి 'ఎవరు చేశారిది?' అని అడక్కండి. 'ఇంకేం తెలుసు?' అనండి. మీరే కింద ఉంటే రెండు ముక్కలు చాలు: ఏం జరిగింది, మళ్లీ ఎప్పుడు చెబుతాను.

నలుగురు పనిచేసే చోట కబురుకేం కరువు? అక్కడ అన్నీ ఒక్క మనిషి దగ్గరే ఉండటం ప్రమాదం. ఊళ్లో ఓ ప్రింటింగ్ ప్రెస్ ఉందనుకోండి. ఓనరు బండి మీంచి పడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఇరవయ్యో తేదీకి జీఎస్టీ రిటర్ను వేయాలి. ఓటీపీ వచ్చేది ఆయన ఫోన్‌కే, దాని లాక్ ఎవరికీ తెలీదు. కాగితం ఏ కొట్లో ఉద్దరకు తెస్తాడో, ఎవరెంత బాకీయో ఆయన బుర్రలోనే ఉంది. చెక్కు మీద సంతకమూ ఆయనదే. పెళ్లికార్డులు ఎప్పుడిస్తారని గుమ్మంలో పెళ్లివారు నిలబడ్డారు.

దీనికి కన్సల్టెంట్లు అక్కర్లేదు. సంతకానికి రెండో మనిషిని పెట్టండి, బాకీలు పుస్తకంలోకి ఎక్కించండి. ఏడాదికోసారి ఫోన్ కట్టేసి వారం రోజులు ఊరెళ్లండి. తిరిగొచ్చాక ఏ పనులు ఆగాయో చూస్తే ఏం సరిచేయాలో తెలుస్తుంది. 'నేను లేకపోతే ఇక్కడ ఏదీ కదలదు' అని మీసం మెలేసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ముప్పై నలభై మంది ఉన్నచోట రెండు జబ్బులూ కలిసే ఉంటాయి. అన్నీ తన కళ్ల ముందే జరుగుతున్నాయని ఓనరు అనుకుంటాడు, అప్పటికే ఆయనకు సగమే చెబుతుంటారు. సోమవారం మీటింగులో అమ్మకాల లెక్కలకన్నా ముందు, పోయిన వారం ఏం బెడిసికొట్టిందో అడగాలి. మొదట్లో ఎవరూ నోరు విప్పరు. అప్పుడు తాను తప్పుగా ఇచ్చిన ఏ కొటేషన్ సంగతో ఓనరే బయటపెట్టాలి.